సంతోషి డ్యూటీ

బొగ్గు బాయిలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాడికి ఫిట్టు, అన్‌ఫిట్టు అనే రెండు మాటల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదని నా నమ్మకం. ఆ నమ్మకమే నా కొంప ముంచింది. ఇప్పుడు నేనే ఒప్పుకుంటున్నాను గానీ, ఆ రోజుల్లో ఇంకెవరైనా ఈ మాట అని ఉంటే వాడితో కొట్లాటకు దిగేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా క్వార్టర్ల లైనంతటికీ తెలుసు.

నా పేరు పోశం. గోదావరిఖనిలో భూమి కింద నుంచి బొగ్గు తొట్లను పైకి లాగే ఇంజన్ నడుపుతాను. నా భార్య తిరుమల. మాకు ఒక్కతే బిడ్డ, సంతోషి. పందొమ్మిదేళ్ళది. పుట్టినప్పుడు ఏడవడమే ఆలస్యమైంది. ఆ తర్వాత నడక, మాట, లెక్క, అన్నీ ఆలస్యంగానే వచ్చాయి. కానీ వచ్చాయి. ప్రత్యేక పిల్లల బడిలో శ్రీలేఖ టీచర్ పదేళ్ళు విసుక్కోకుండా నేర్పితే, ఈ ఏడు మూడో ప్రయత్నంలో ఓపెన్ స్కూల్ పదో తరగతి గట్టెక్కింది. మెమో వచ్చిన రోజు మా పిల్ల లైన్లో ఒక్క ఇంటి తలుపు కూడా వదల్లేదు. నిద్రపోతున్న నైట్ షిఫ్టు వాళ్ళను కూడా లేపి చూపించింది.

అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి. పది పాసైన పిల్లను అందరూ ఒకటే అడుగుతారు కదా, తర్వాత ఏంది అని. మిగతా పిల్లలకు ఇంటరో, పాలిటెక్నిక్కో, ఐటీఐయో ఉంది. మా పిల్లకు ఏముందో ఎవరికీ తెలియదు. కాలేజీకి పోతే ఐటీఐకి పొమ్మన్నారు. ఐటీఐకి పోతే మీ బడివాళ్ళనే అడగమన్నారు. నెల రోజులు తిరిగాక శ్రీలేఖ టీచరే కనుక్కుంది. కరీంనగర్‌లో ఒక శిక్షణ కేంద్రం ఉందట. ఇలాంటి పిల్లలకు బేకరీ పని రెండేళ్ళు నేర్పిస్తారట. హాస్టలూ ఉందట. పన్నెండే సీట్లు.

బేకరీ అనే మాట వినగానే సంతోషి లేచి నిలబడింది. లక్ష్మీనగర్‌లో బేకరీ అద్దం ముందు నిలబడితే ఈ పిల్లను కదిలించడం నా తరం కాదు. ఇంటికి దిల్‌పసంద్ రొట్టె తెస్తే కోసేది తనే. ఎనిమిది ముక్కలు కోస్తుంది, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అనడానికి ఉండదు. "నేను పోత బాపు. నేను కరీంనగర్ పోత," అని ఆ రోజు ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు.

సీటు కావాలంటే సదరం సర్టిఫికెట్ కొత్తది తేవాలన్నారు. పాతది చిన్నప్పుడు తీసింది, గడువు అయిపోయింది. పెద్దపల్లిలో క్యాంపు. డాక్టరు పరీక్ష చేసి, లోపం ఎంత శాతమో రాసిస్తారు. శాతం అనే మాట దగ్గర నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. పనిచేయకుండా ఉంటే ఎంత బాగుండేది!

మా బాయి మనుషుల సంగతి కొంచెం చెప్పాలి. ఒంట్లో చేతగాకపోతే మెడికల్ బోర్డుకు పోతాం. బోర్డు అన్‌ఫిట్టు అంటే డ్యూటీ దిగుతాం, కొడుక్కు ఆ కొలువు దొరుకుతుంది. ఫిట్టు అంటే మళ్ళీ కిందికి దిగాల్సిందే. అందుకే నిజంగా నడుం విరిగినవాడికి కూడా, డాక్టరుకు నా నొప్పి కనిపించదేమోనని భయం. బోర్డుకు పోయే ముందు ఎట్లా నడవాలో, ఎక్కడ ఆగి రొప్పాలో ఇంట్లో నేర్చుకుని పోతారు. ఇందులో మా పక్క క్వార్టర్ సదయ్య బావ పండితుడు. మోకాళ్ళు అరిగిపోయి మూడుసార్లు బోర్డెక్కి, మూడోసారి అన్‌ఫిట్టయ్యాడు. ఇప్పుడు లైన్లో ఎవరు బోర్డుకు పోయినా ముందు సదయ్య అరుగు మీద కూర్చుని పోవాల్సిందే.

"బావా, డాక్టర్ ముంగట సింహం లెక్క నిలబడితే నిన్ను మళ్ళ బాయిలకే తోల్తరు," అన్నాడు నాతో. "పిల్లకు గుడ గంతే. ఎంత శాతమెక్కువొస్తే లిస్టుల గంత మీదికుంటది. నాకెరుకలేదా?"

నిజమే అనిపించింది. పన్నెండు సీట్లకు ఎంతమంది వస్తారో! మా పిల్ల అక్కడికి పోయి గలగలా జవాబులు చెప్పేసి, 'నీకేం లోటమ్మా, ఇంటికి పో' అని వాళ్ళంటే? తిరుమలకు చెప్తే ఒప్పుకోదని తెలుసు. అందుకే ఆమె నల్లా నీళ్ళకు పోయినప్పుడు సంతోషిని కూర్చోబెట్టాను.

"బిడ్డా, డాక్టరమ్మ ఏం అడిగినా తెల్వదనాలె. సరేనా?"

"తెలిసినా?"

"తెలిసినా. ఇది డ్యూటీ అనుకో. బాపు పోతడు చూడు, గట్ల. డ్యూటీ ఎక్కినంక దిగమనేదాక దిగద్దు. ఇంకోటి, నేను చెప్పిన్నని ఎవ్వలకు చెప్పద్దు."

"అమ్మకు గుడనా?"

"ఎవ్వలకు చెప్పద్దు."

మా పిల్ల మూడు వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుంది. "డ్యూటీ. తెల్వదు. ఎవ్వలకు చెప్పద్దు." నాకు నవ్వొచ్చింది. వారం రోజులు నేర్పాను. ఒక్కో 'తెల్వదు'కు ఒక్కో దిల్‌పసంద్ ముక్క. నేను ఏడాదంతా పాఠం చెప్పినా ఏదీ ఇంత తొందరగా పట్టుబడేది కాదు. పెద్ద పంతులునైనట్టు మీసం తిప్పుకున్నాను.

క్యాంపులో లోపలికి ఒక్కరినే రానిస్తామంటే నేనే పోయాను. తిరుమల బయట బెంచీ మీద కూర్చుంది. డాక్టరమ్మ పెద్దావిడ, మెత్తగా మాట్లాడింది. "నీ పేరేంది తల్లీ?"

"తెల్వదు," అంది సంతోషి.

పేరు కూడా దాచమని నేను చెప్పలేదు. తర్వాత డాక్టరమ్మ ఒక కట్టె పలక ముందు పెట్టింది. అందులో గుండ్రంగా, నలుచదరంగా, ఆకాశంలో చుక్క ఆకారంలో గుంతలున్నాయి. వాటిలో సరిపోయే ముక్కలు పెట్టాలి. బడిలో ఏడేళ్ళ కిందనే మా పిల్ల కళ్ళు మూసుకుని చేసిన పని అది. సంతోషి చెయ్యి నేరుగా చుక్క ముక్క మీదికి పోయింది. అంతలో నా వైపు చూసింది. నేను సన్నగా కన్ను గీటాను. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ చెయ్యి వెనక్కి పోవడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఆ రోజు మాత్రం, శభాష్ అనుకున్నాను.

క్యాంపు నుంచి వచ్చాక పిల్ల నోరు మెదపకపోతే అలిసిందనుకున్నాం. నాలుగు రోజులకు సర్టిఫికెట్ వచ్చింది. తొంబై శాతం. సదయ్య బావ నా భుజం మీద చరిచి, "నీ బిడ్డ ఫస్టు ర్యాంకు కొట్టింది పో!" అన్నాడు. లైనంతా లడ్డూలు పంచాను. తిరుమల మాత్రం కాగితం చేతిలో పట్టుకుని, "తొంబై ఏందయ్యా? చిన్నప్పుడు గుడ గింత రాలే," అని అటూ ఇటూ తిప్పి చూసింది. నీకేం తెలుసు ఊరుకోమన్నాను.

మర్నాడు బడికి పోయి గర్వంగా శ్రీలేఖ టీచర్ చేతిలో పెట్టాను. వాళ్ళది కోస్తా వైపు. ఎంత కోపమొచ్చినా మర్యాద తప్పదు. కాగితం చూసి నిలబడ్డ మనిషి కూర్చుంది.

"ఇదేంటండీ పోశంగారూ? తొంభయ్యా?"

"అవును టీచర్. ఇంక పదే తక్కువ."

"ఎంత పని జరిగిందండీ! ఆ కోర్సుకి నలభై కన్నా తక్కువున్నా తీసుకోరు, ఎనభై దాటినా తీసుకోరు. దాటితే తన పని తను చేసుకోలేని పిల్ల అని అర్థం. అలాంటి పిల్లని ఓవెన్ దగ్గర ఎలా నిలబెడతారు?"

నా తల గిర్రున తిరిగింది. బడిలో ఎక్కువొస్తే మంచిది. బీపీ ఎక్కువొస్తే చెడ్డది. బోర్డులో చెడ్డది వస్తే మంచిది. ఈ కాగితంలో మంచిదీ చెడ్డదీ కాకుండా నడిమధ్యన ఉండాలట! ఇదేం లెక్క, ఇదేం లోకం? ఒళ్ళు మండిపోయింది. "ఎంత రావాల్నో ముందుగాల చెప్పాలె గద టీచర్!" అని అరిచాను.

టీచర్ గొంతు పెంచలేదు. "తెలిసింది తెలిసినట్టు చెప్పడానికి సంతోషికి నేను ముందే ఏం చెప్పాలండీ?" అంది. అంటూనే నా మొహం చూసింది. ఆమెకు అర్థమైపోయింది. నా తల దానంతటదే కిందికి దిగింది.

పాపం, ఆ టీచరే ఎవరెవరికో ఫోన్లు చేసి, మళ్ళీ పరీక్ష చేయడానికి గురువారం తేదీ ఇప్పించింది. శనివారం సాయంత్రానికి శిక్షణ కేంద్రం లిస్టు మూసేస్తారు. ఈ గురువారం తప్పితే సీటు లేదు.

ఇంటికి పోయి తిరుమలకు నిజం చెప్పాను. ఎంత తిట్టిందో రాయలేను. తిట్టడం అయ్యాక సంతోషిని పిలిచి, "బిడ్డా, ఇయ్యాల ఏ వారం?" అని అడిగింది.

"తెల్వదు."

"గది కాదు తల్లీ. ఇప్పుడు నిజంగ చెప్పాలె. ఏ వారం?"

"తెల్వదు," అని సంతోషి చెయ్యి చాపింది, దిల్‌పసంద్ ముక్క కోసం.

మా ఇంట్లో పప్పు కుక్కర్ బాధ్యత సంతోషిదే. మూడు విజిల్స్ రాగానే పొయ్యి ఆపేసేది, క్యాంపుకు ముందు ఏనాడూ తప్పలేదు. ఆ సాయంత్రం మూడు వచ్చాయి, నాలుగు వచ్చాయి, ఆరు వచ్చాయి. పిల్ల పొయ్యి ముందే చేతులు కట్టుకుని నిలబడింది. తిరుమల ఉరికి ఆపేసి, "ఎన్నొచ్చినయే?" అంటే, తెల్వదు. శ్రీలేఖ టీచర్ బొమ్మల అట్టలు పట్టుకుని ఇంటికొచ్చింది. ఆమె నేర్పిన అట్టలే అవి. ఆమెకూ అదే జవాబు.

"పదేండ్లు టీచర్ నేర్పింది. నువ్వు వారంల మరిపిచ్చినవ్," అని తిరుమల కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నాకైతే ఏమీ అర్థం కాలేదు. నిజంగా మర్చిపోయిందా? నటిస్తోందా? నటించడం ఈ పిల్లకు వస్తుందా? వస్తే ఆపడం రాదా? ఇంజన్‌కైతే బ్రేకు ఎక్కడుందో నాకు తెలుసు. కన్న బిడ్డ లోపల ఏం జరుగుతోందో తెలియలేదు. బుధవారం పొద్దున ఓపిక చచ్చి, "చెప్తవా చెప్పవా?" అని గట్టిగా గద్దించాను. పిల్ల గోడకు ఆనుకుపోయి, చెవులు మూసుకుని, తెల్వదు తెల్వదు తెల్వదు అని ఆపకుండా అంది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ పూట డ్యూటీకి పోయి తొట్టి నంబర్ కూడా తప్పు చెప్పాను.

నన్ను చూసి సదయ్య బావ కూడా చిన్నబోయాడు. అయినా సలహా ఇవ్వకుండా ఉండలేడు కదా. "బావా, ఒక్కటి యాదికుంచుకో. నువ్వు నేర్పినవని మాత్రం ఆడ నోరు జారకు. డాక్టర్ను మోసం జేసినవని కేసైతది. సర్టిఫికెట్ మొత్తానికే కాన్సల్ జేస్తరు," అన్నాడు. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు.

గురువారం పొద్దున్నే ముగ్గురం చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాం. రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు మసి మొహాలతో సైకిళ్ళ మీద, బండ్ల మీద పోతున్నారు. సంతోషి వాళ్ళను చూస్తూ నిలబడింది. ఐదు రోజులుగా తెల్వదు తప్ప మాట్లాడని పిల్ల మెల్లగా నా చొక్కా లాగింది.

"బాపు, వీళ్ళు డ్యూటీ దిగిన్రా?"

"దిగిన్రు బిడ్డ."

"మరి నేనెప్పుడు దిగాలె?"

నేను అక్కడే నెత్తి పట్టుకుని కూర్చుండిపోయాను. దిగమనేదాకా దిగద్దన్నది నేనే. తిట్టాను, బతిమిలాడాను, గద్దించాను గానీ, డ్యూటీ దిగమని మాత్రం ఎవరూ అనలేదు. నా బిడ్డ నిద్రలో తప్ప అన్ని పూటలా డ్యూటీ చేస్తూనే ఉంది. ఓ దేవుడా, మా బాయిలో కూడా ఎనిమిది గంటలకు రిలీవర్‌ను పంపి దించుతారే!

"దిగు బిడ్డా, దిగు! డ్యూటీ అయిపోయింది. ఇగ నీకు తెలిసింది తెలిసినట్టు చెప్పు."

"రిలీవర్ వచ్చిండా?"

"నేనే రిలీవర్. దిగు."

సంతోషి పెద్దగా ఊపిరి వదిలింది. "కాళ్ళు గుంజుతున్నయ్," అంది, అచ్చం నేను ఇంటికొచ్చి అనేటట్టే. ఇక బస్సులో ఆ నోటికి మూత లేదు. దుకాణాల బోర్డులన్నీ చదివింది. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీలు వరుసగా ఆగి ఉంటే ఒక్కో నంబరూ పైకి చదివింది. తిరుమల ఏడుస్తూ నవ్వుతూ ఉంది. మధ్యలో నా తొడ మీద ఒకటి గిల్లింది కూడా, గట్టిగానే.

ఈసారి లోపలికి ఇద్దరినీ రానిచ్చారు. అదే డాక్టరమ్మ, అదే పలక. సంతోషి పేరు చెప్పింది, నా పేరు చెప్పింది, వారం చెప్పింది. చుక్క ముక్క తీసి చుక్క గుంతలో టక్కున పెట్టింది. కొన్ని తెలియలేదు. పెద్ద తీసివేతలు తప్పాయి. "ఏం చదువుతవ్ తల్లీ?" అంటే, "బేకరీ. కరీంనగర్ల. ఓవెన్ ముట్టేముందు గుడ్డ పట్టుకోవాలె," అంది. నా రొమ్ము ఉప్పొంగింది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి పాత కాగితం ముందుకు లాక్కుంది. "మొన్న పేరు గుడ చెప్పలే. ఇయ్యాల అన్నీ చెప్తున్నవ్. మొన్న చెప్పద్దని నీకెవరన్న అన్నరా తల్లీ?"

సంతోషి నా వైపు చూడలేదు. పలక వైపే చూస్తూ అంది. "తెల్వదు."

"ఎవరూ అనలేదా?"

"తెల్వదు."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "చూడండి, పది రోజుల్ల ఒకే పిల్ల రెండు తీర్లుంటే నేనేది నమ్మాలె? తొందరపడి రాసుడు మంచిగుండదు. ఆరు నెలలైనంక తీస్కరండి, మళ్ళ చూద్దాం." ఫైలు మూయబోయింది.

ఆరు నెలలు! ఎల్లుండి శనివారం. తిరుమల నా వైపు చూసింది. సదయ్య బావ చెప్పిన కేసు, కాన్సలు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. పక్కన నా బిడ్డ మూడో వేలు గట్టిగా ముడుచుకుని కూర్చుని ఉంది. డ్యూటీ, తెల్వదు, ఆ రెండూ నేను విప్పాను. ఈ మూడోది విప్పడం మర్చిపోయాను. సీటు పోయినా సరే, నా పేరు చెప్పదు.

లేచి నిలబడ్డాను. "నేను చెప్పిన మేడం. నేనే నేర్పిన. పిల్ల తప్పు లేదు. శాతమెక్కువొస్తే సీటొస్తదనుకున్న. మీరు కేసు పెట్టుకుంటే నా మీద పెట్టుకోండ్రి, దాని చదువు మాత్రం ఆపకుండ్రి."

డాక్టరమ్మ నోరు తెరిచే లోపలే సంతోషి కుర్చీలోంచి లేచింది. మొహం ఎర్రబడింది. ఇంత కోపం ఆ పిల్లలో నేను ఎన్నడూ చూడలేదు. అచ్చం నా కోపమే.

"బాపూ! నువ్వే ఎవ్వలకు చెప్పద్దన్నవ్ గద! నేను టీచర్‌కు చెప్పలే, అమ్మకు చెప్పలే, నువ్వెందుకు చెప్పినవ్?"

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కేసు ఊసే ఎత్తలేదు. "ఇంత గట్టిగ మాట నిలబెట్టుకునే పిల్లను నేను తొంబై అని రాసిన్నా," అని తనలో తను అనుకుంది. తర్వాత నన్ను తిట్టింది. చక్కగా, పదిమందికి సరిపోయేంత తిట్టింది. నాకు ఒక్క మాట కూడా ఎక్కువనిపించలేదు. తిట్టి, ఫైలు మళ్ళీ తెరిచింది.

సాయంత్రానికి కొత్త కాగితం ఇచ్చారు. శ్రీలేఖ టీచర్‌కు ఫోన్ చేసి చెప్తే, రేపు పొద్దున్నే తనూ కరీంనగర్ వస్తానంది. బస్టాండులో బెంచీ మీద కూర్చుని సంతోషి రెండు కాగితాలనూ ఒళ్ళో పెట్టుకుని, వేలు పెట్టి చదివింది.

"అరవై. ఇది మంచిదా బాపు?"

"మంచిదే బిడ్డ. సీటుకు సరిపోతది."

"మరి ఈ తొంబై?"

"అది నీది కాదు బిడ్డ. అది నాది," అన్నాను.

సంతోషి ఆ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. నన్నూ చూసింది. మళ్ళీ కాగితాన్ని చూసింది.

"నీదైతే దీని మీద నా ఫోటో ఎందుకున్నది?"

తిరుమల మొహం అటు తిప్పుకుంది. బస్సు వచ్చి ఆగింది. తొంబై కాగితాన్ని మడిచి నా జేబులో పెట్టుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని బస్సెక్కాను.